యూరప్ బార్లీ బెంగళూరుకు తెప్పిస్తున్నారా? దేశం పేరు కన్నా ముందు మొలక చూడండి

బార్లీ మనకు కొత్త కాదు. ఒంట్లో వేడి చేస్తే కాచుకునే బార్లీ నీళ్లు, పూజా సామాన్ల కొట్లో యవలు అని పొట్లం కట్టి ఇచ్చే గింజలు ఇవే. కానీ ఇవాళ బెంగళూరులో బార్లీని బస్తాల్లో, కంటెయినర్లలో అడిగేవాళ్లు వేరు. చిన్న మాల్టు యూనిట్లు, అక్కడికక్కడే బీరు కాచే బ్రూవరీలు, దాణా కలిపేవాళ్లు, బార్లీ బియ్యం ప్యాక్ చేసేవాళ్లు. యశ్వంతపురం యార్డు చుట్టూ ధాన్యం వ్యాపారంలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి బియ్యం, పప్పు, మొక్కజొన్న కంటి చూపుతోనే అర్థమవుతాయి. అదే అలవాటుతో బార్లీని బేరం చేస్తే మాత్రం దెబ్బ తింటారు.

కారణం ఒకటే. మాల్టుకు వెళ్లే బార్లీ ప్రాణమున్న సరుకు. గోధుమ గింజ చచ్చినా పిండి ఆడుతుంది, బియ్యానికి మొలక అక్కర్లేదు. మాల్టు అంటేనే గింజను నానబెట్టి, మొలకెత్తించి, సరైన సమయంలో ఆరబెట్టడం. మొలవని గింజ మాల్టు కాదు, దాణా. నార్మండీలో గానీ బవేరియాలో గానీ కోసిన గింజ ఓడలో నెలకు పైగా ప్రయాణించి, చెన్నై ఉక్కపోతలో దిగి, మీ గోదాములో మూడు నెలలు కూర్చున్నాక కూడా మొలవాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు అవసరం తేల్చుకోండి

దాణాకైతే తేమ 13–14% లోపు, బూజు విషాలు లేకపోవడం, హెక్టోలీటరుకు (వంద లీటర్లకు) 62 కిలోలకు తగ్గని బరువు చాలు. బార్లీ బియ్యానికైతే గింజ లావు, తెల్లదనం, సమానత్వం ముఖ్యం. చెక్కేటప్పుడు పైపొరతో పాటు బరువులో మూడో వంతు దాకా పోతుంది కాబట్టి సన్న గింజ కొంటే చేతికి వచ్చేది తక్కువ. ఈ రెండు పనులకూ మాల్టు బార్లీ ధర పెట్టాల్సిన పని లేదు.

మాల్టుకు మామూలుగా అడిగే లెక్క ఇది: మొలక కనీసం 95%, తేమ గరిష్ఠంగా 13%, ప్రొటీన్ పొడి లెక్కన (తేమ తీసేసి) 9.5 నుంచి 11.5%, 2.5 మి.మీ. జల్లెడ మీద నిలిచే గింజ 90%, 2.2 మి.మీ. కింద రాలేది 3% లోపు, రకం స్వచ్ఛత 95% దాకా. మన ఎండలకు తేమ 12%కి దించి అడగండి. ఆ ఒక్క శాతం చిన్నది కాదు. గింజ తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ వేడి అయిదారు డిగ్రీలు తగ్గినా నిల్వ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన నిల్వ చేసేవాళ్ల పాత లెక్క.

ఏ దేశం నుంచి ఏమొస్తుంది

ప్రపంచంలో ఎక్కువ బార్లీ పండించేది రష్యా, ఏటా 2 కోట్ల టన్నులకు అటూ ఇటూ. ఫ్రాన్స్, జర్మనీ ఒక్కొక్కటీ కోటి టన్నుల దగ్గర. బ్రిటన్ 70 లక్షల చుట్టూ. ఉక్రెయిన్ 2021లో 90 లక్షలు దాటి, యుద్ధం మొదలయ్యాక 50–60 లక్షల స్థాయికి పడింది. స్పెయిన్ పంట చాలావరకు వాన మీద ఆధారం: 2020లో కోటి టన్నులు దాటిన పంట 2023 కరువుకు సగం కన్నా తగ్గింది. మన దేశపు పంట మొత్తం 20 లక్షల టన్నుల లోపే, అందులో పెద్ద వాటా రాజస్థాన్‌ది.

ఈ అంకెలు చూసి పెద్ద దేశం దగ్గరే మంచి మాల్టు బార్లీ దొరుకుతుందనుకోవద్దు. రష్యా, ఉక్రెయిన్, స్పెయిన్, పోలండ్ పంటలో అధిక భాగం దాణాదే. జర్మనీ పండించేదాంట్లో కూడా ఎక్కువ శీతాకాలపు దాణా బార్లీ. బీరుకు పేరుపడ్డ ఆ దేశమే మాల్టు బార్లీని బయటి నుంచి కొంటుంది. జర్మనీలో మాల్టు బార్లీ కావాలంటే బవేరియా, తురింగియా, రైన్‌లాండ్-పలాటినేట్ ప్రాంతాల వసంత పంట అని అడగాలి.

ఇక్కడ రెండు పంటల తేడా తెలియాలి. శీతాకాలపు బార్లీని సెప్టెంబరు–అక్టోబరులో విత్తి జూన్–జూలైలో కోస్తారు. వసంత బార్లీని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు విత్తి జూలై–ఆగస్టులో కోస్తారు. దిగుబడి శీతాకాలపు పంటకు ఎక్కువ, మాల్టు నాణ్యత వసంత పంటకు ఎక్కువ. మాల్టుకు పండించే రైతు నత్రజని తక్కువగా, అదీ తొలి వారాల్లోనే వేస్తాడు. ఆలస్యంగా వేస్తే అది గింజలో ప్రొటీన్‌గా చేరుతుంది. రాజస్థాన్ గింజ సన్నగా, ప్రొటీన్ ఎక్కువగా ఉండటానికి పెద్ద కారణం మార్చి వేడి. పాలు పోసుకునే దశలో ఎండ ముదిరితే పిండి చేరే లోపే గింజ పండిపోతుంది. యూరప్ ఉత్తరాన జూన్‌లో పగలు పొడవు, గాలి చల్లన. గింజ తీరిగ్గా నిండుతుంది.

మాల్టు కోసం మొదట చూడాల్సింది ఫ్రాన్స్. షాంపేన్, బర్గండీ, పారిస్‌కు దక్షిణాన ఉన్న బోస్ మైదానంలో పండుతుంది. మాల్టు బార్లీ ధరను ఒయాజ్ నది మీది క్రేయి రేవు లెక్కన, దాణా బార్లీ ధరను సెయిన్ నది మీది రూఅన్ రేవు లెక్కన చెప్పడం అక్కడి అలవాటు. ఎవరైనా ఫ్రాన్స్ ధర చెబితే ఏ రేవు ధర అని అడగండి. ఫ్రాన్స్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది: ఆరు వరసల (వెన్నులో గింజలు ఆరు వరసలుగా ఉండే) శీతాకాలపు మాల్టు రకాలు. ఎతాన్సెల్, కేడబ్ల్యూఎస్ ఫారో అలాంటివి. వసంత పంటలో ప్లానెట్ రకం యూరప్ అంతటా పాకింది. ఆరు వరసల రకం చవక, ఎంజైమ్ బలం బాగుంటుంది. బియ్యం నూకలో, మొక్కజొన్నో కలిపి బీరు కాచేవారికి అది సరిపోతుంది. అచ్చంగా మాల్టుతోనే కాచే బ్రూవరీకి రెండు వరసల వసంత బార్లీయే కావాలి.

డెన్మార్క్ మొత్తం పంట తక్కువైనా వసంత మాల్టు బార్లీ ఎగుమతిలో గట్టి దేశం. బ్రిటన్‌లో స్కాట్లాండ్ వసంత పంటను విస్కీ కాచేవాళ్లే చాలావరకు ఎత్తుకుపోతారు. వాళ్లకు ప్రొటీన్ ఇంకా తక్కువ కావాలి. బ్రిటన్ కాగితాల్లో ప్రొటీన్ ఉండదు, నత్రజని ఉంటుంది. దాన్ని 6.25తో గుణించండి. 1.65 అని ఉంటే ప్రొటీన్ 10.3%. ఈ నత్రజని కొలిచే పద్ధతి పుట్టింది కూడా బీరు గడపలోనే: యోహాన్ కెల్దాల్ 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో కనిపెట్టాడు, నేటికీ చాలా ప్రయోగశాలల్లో ఆ పరీక్ష ఆయన పేరుతోనే జరుగుతోంది.

నల్ల సముద్రం సరుకు చవక. రష్యా 2021 నుంచి బార్లీ మీద వారం వారం మారే ఎగుమతి సుంకం పెట్టింది, కొన్నిసార్లు అది సున్నా కూడా అవుతుంది. కాబట్టి రష్యా రేవు నోవొరొసీస్క్ ధరకు గడువు తేదీ రాయించుకోవాలి. ఉక్రెయిన్ ధాన్యం ఒప్పందం 2022 జూలైలో మొదలై 2023 జూలైలో ముగిసింది. ఒదేసా రేవుల నుంచి సరుకు కదులుతూనే ఉన్నా, బీమా ఖర్చును విడిగా అడగకుండా ఆ ధరను ఫ్రాన్స్ ధరతో పోల్చకండి.

నమూనా తీయడం

అమ్మేవాడు కొరియర్‌లో పంపిన అర కిలో పొట్లం నమూనా కాదు, ప్రకటన. లాటు నుంచి మీరు గానీ, మీరు డబ్బిచ్చిన సర్వే సంస్థ గానీ తీసిందే నమూనా. బస్తాల సంఖ్యకు వర్గమూలం అన్ని బస్తాల్లో గొట్టం పొడవండి. 50 కిలోల బస్తాలు 400 ఉంటే 20 బస్తాలు. పైవరస నుంచే కాకుండా మధ్య, అడుగు బస్తాల నుంచి కూడా తీయాలి, గొట్టం బస్తా మూల నుంచి మూలకు వెళ్లాలి. అంతా కలిపి శుభ్రమైన గుడ్డ మీద పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేస్తూ మూడు కిలోలకు దించండి. కిలో చొప్పున మూడు సంచులు: ఒకటి మీకు, ఒకటి అమ్మేవాడికి, మూడోది సీలు వేసి పక్కన. తగాదా వస్తే తేల్చేది మూడోదే.

తేమ పరీక్షకు మాత్రం తీసిన వెంటనే గాలి చొరబడని డబ్బాలో పోయాలి. గుడ్డ సంచిలో రెండు రోజులుంటే చెన్నై గాలి తేమనే మీరు కొలుస్తారు.

మొలక పరీక్ష: మీ బల్ల మీదే చేసుకోండి

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. 9 సెం.మీ. పెట్రి డిష్‌లు ఎనిమిది, వడపోత కాగితాలు, సిరంజి, థర్మామీటరు ఉంటే చాలు.

డిష్‌లో రెండు కాగితాలు పరచి సరిగ్గా 4 మి.లీ. నీరు పోయండి. 100 గింజలు ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి మూత పెట్టండి. ఇలా నాలుగు. మరో నాలుగు డిష్‌లలో 8 మి.లీ. నీరు. చీకట్లో 18–21 డిగ్రీల దగ్గర ఉంచాలి. బెంగళూరులో డిసెంబరు అయితే గది మూల సరిపోతుంది, ఏప్రిల్‌లో ఏసీ గదిలో గానీ మంచు సీసాలు పెట్టిన థర్మోకోల్ పెట్టెలో గానీ పెట్టండి. 24, 48, 72 గంటలకు తెల్ల వేరు బయటికి వచ్చినవాటిని లెక్కపెట్టి తీసేయండి.

నాలుగు డిష్‌లు ఎందుకంటే, వంద గింజల్లో 93 మొలిచాయంటే అసలు లాటు 95 అయినా అయి ఉండొచ్చు. వంద గింజల లెక్కలో అటూ ఇటూ నాలుగు తేడా సహజం. 400 గింజలైతే ఆ తేడా రెండుకు తగ్గుతుంది. ఒక్క డిష్ చూసి అమ్మేవాడితో పోట్లాటకు దిగితే మీరే చులకన అవుతారు.

ఇప్పుడు ఫలితం తక్కువ వచ్చిందనుకుందాం, 80. అది చచ్చిన బార్లీయా, నిద్రలో ఉన్న బార్లీయా? కొత్తగా కోసిన బార్లీ కొన్ని వారాలు నీరు తగిలినా లేవదు, ముఖ్యంగా చల్లటి, తడి వేసవి తర్వాత. తేల్చడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. మందుల షాపులో దొరికే 6% ద్రావణం ఒక వంతుకు ఏడు వంతుల నీరు కలిపితే 0.75% వస్తుంది. అందులో 200 గింజలు వేసి 18–21 డిగ్రీల్లో ఉంచండి, రెండు రోజుల తర్వాత ద్రావణం మార్చి, మూడో రోజు లెక్కపెట్టండి. నీటిలో 80, పెరాక్సైడ్‌లో 98 వస్తే గింజ బతికే ఉంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగితే లేస్తుంది, మన వెచ్చదనానికి ఇంకా ముందే లేవొచ్చు. ధర తగ్గించి కొనదగ్గ లాటు అది. రెండింట్లోనూ 80 వస్తే ఇరవై శాతం చచ్చింది. ఎంత ఆగినా లేవదు, కొనొద్దు.

8 మి.లీ. డిష్‌లు చెప్పేది వేరే సంగతి. 4 మి.లీ.లో 97 వచ్చి 8 మి.లీ.లో 60కి పడితే ఆ గింజకు నీరు ఎక్కువైతే ఊపిరాడదు. కొనొచ్చు, కానీ నానబెట్టే వేళలు తగ్గించి మధ్యలో గాలి ఆడనిచ్చే సమయం పెంచాలి.

ఇంకో రకం మోసకారి లాటు ఉంది. కోతకు ముందు వానపడి వెన్నులోనే మొలక మొదలై, ఎండ రాగానే ఆగిపోయిన గింజ. జర్మనీ, డెన్మార్క్, బ్రిటన్‌లో ఆగస్టు తడిసిన ఏడాది ఇది తప్పదు. ఓడ ఎక్కేటప్పుడు పరీక్షలో 96 చూపిస్తుంది, మీ గోదాములో మూడో నెలకు 80. పిండం వైపు పొట్టు ఉబ్బి ఉందా, ఎండిన వేరు ముక్క అంటుకుని ఉందా అని భూతద్దంతో చూడండి. కాగితం మీద అడగాల్సింది ఫాలింగ్ నంబరు, అంటే గింజ పిండి జావలో కడ్డీ దిగడానికి పట్టే సెకన్లు. మొలక మొదలైన గింజ జావ పలచబడి ఆ అంకె పడిపోతుంది. 250 సెకన్ల పైన ఉంటే నిశ్చింత. అంతకు బాగా తక్కువైతే ఆ సరుకు ప్రయాణానికి పనికిరాదు, యూరప్‌లోనే వెంటనే మాల్టు చేసుకునేవాళ్లకే సరి.

జల్లెడ, వరసలు, ప్రొటీన్

100 గ్రాములు తూచి 2.8, 2.5, 2.2 మి.మీ. పొడవు చీలికల జల్లెడల మీద అయిదు నిమిషాలు ఆడించండి. గుండ్రటి రంధ్రాల జల్లెడ వాడితే లెక్క వేరుగా వస్తుంది, ఒప్పందంతో పోల్చలేరు.

చవక లాటులో సన్న గింజ ఎంత పోతుందో ముందే రూపాయల్లో చూసుకోవాలి. లెక్క అర్థమవడానికి: గోదాము చేరేసరికి కిలో 29 రూపాయలు పడే లాటులో 8% రాలితే, వాడదగ్గ కిలో 31.52 పడుతుంది. 31 రూపాయల లాటులో 2% రాలితే 31.63. రెండూ ఒకటే ధర. రాలిన గింజను కిలో 18కి దాణా వాళ్లకు అమ్ముకోగలిగితే మొదటి లాటు 30 లోపే పడి చవకవుతుంది. కాబట్టి సన్న గింజకు భయపడి మంచి బేరం వదలకండి, అది జల్లెడతో పోయే దోషం. చచ్చిన గింజ ఏ జల్లెడకూ దొరకదు. మొలక 91 ఉన్న లాటులో ఆ తొమ్మిది గింజలు మాల్టులో పచ్చి గింజలుగానే ఉండిపోయి, దంచితే నలగక, కాస్తే రసం ఇవ్వక, బీరు మసకబారేలా చేస్తాయి. ధర తగ్గించడానికి ఒప్పుకోవాల్సింది మొదటి దోషానికి. రెండోదానికి కాదు.

రెండు వరసల లాటులో ఆరు వరసలది కలిపారేమో చూడటానికి 100 గింజలను గాడి పైకి వచ్చేలా పరచండి. రెండు వరసల గింజలన్నీ నిటారుగా, రెండు పక్కలా సమానంగా ఉంటాయి. ఆరు వరసల వెన్నులో మూడింట రెండు గింజలు పక్కకు మెలితిరిగి ఉంటాయి. వందలో 20 మెలి గింజలు కనిపిస్తే దాదాపు 30% కల్తీ ఉన్నట్టు. రెండు రకాలు నీరు పీల్చే వేగం వేరు, కలిపి మాల్టు చేస్తే ఒకటి ముదిరేసరికి ఇంకొకటి సగంలో ఉంటుంది.

ప్రొటీన్ అంకె దగ్గర ఒక ఉచ్చు ఉంది. యూరప్ ఒప్పందాల్లో ప్రొటీన్ పొడి లెక్క. మన ప్రయోగశాల కొన్నిసార్లు ఉన్నదున్నట్టు లెక్కిస్తుంది. పొడి లెక్కన 11% ఉన్న బార్లీ 13% తేమతో చూస్తే 9.6%. రెండు కాగితాలు పక్కన పెట్టి తేడా వచ్చిందని గొడవపడే ముందు ఏ లెక్కో చూడండి. ప్రొటీన్ పెరిగిన కొద్దీ పిండి తగ్గుతుంది, రసం తగ్గుతుంది, మసక పెరుగుతుంది. మరీ 9 కంటే తక్కువైతే ఈస్టుకు మేత చాలదు, నురుగు నిలవదు.

ఫ్యుజేరియం బూజు సోకిన గింజ గులాబీ రంగు మచ్చతో కనిపిస్తుంది. డాన్ అనే విషానికి పరీక్ష కాగితం అడగండి. ఆ బూజు గింజ మాల్టులోకి వెళ్తే సీసా మూత తీయగానే బీరు పొంగిపోయే రోగం వస్తుంది.

ఒప్పందంలో ఏం రాయించాలి

రకం పేరు, పంట సంవత్సరం, పండిన ప్రాంతం. పాత పంట కొత్త పంటలో కలపకూడదని ఒక వాక్యం. అంకెలన్నీ ఏ పద్ధతిలో కొలిచారో. నమూనాకు గాఫ్టా (అంతర్జాతీయ ధాన్యం వ్యాపార సంఘం) 124 నియమాలు అని రాస్తే ధాన్యం వ్యాపారంలో అందరికీ అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, నాణ్యత ఎక్కడ తేలుతుందన్న వాక్యం. ‘ఓడ ఎక్కేచోటి కాగితమే తుది’ అని సంతకం పెడితే చెన్నైలో దిగిన చచ్చిన గింజ మీదే. ఎగుమతిదారుడు మార్గమధ్యపు నష్టాన్ని పూర్తిగా నెత్తినేసుకోడు, అది న్యాయమే. మధ్యే మార్గం ఒకటుంది: ఎక్కేచోట మొలక 97 కనీసం, ఫాలింగ్ నంబరు 250 కనీసం, తేమ 12 గరిష్ఠం, కంటెయినర్ దిగిన పది రోజుల్లో తీసిన ఉమ్మడి నమూనాలో 95 కంటే తగ్గితే ప్రతి శాతానికి ఇంత తగ్గింపు, 90 కంటే తగ్గితే తిరస్కరణ హక్కు. చిన్న కొనుగోలుదారుకు ఈ షరతు ఎవరిస్తారని అనుకోవద్దు. మంచి సరుకు ఉన్నవాడు ఇస్తాడు.

కాగితాల సంగతి: దిగుమతి ఎగుమతి కోడ్, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, సరుకు బయల్దేరక ముందే తీసుకోవాల్సిన మొక్కల క్వారంటైన్ అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య పత్రం. సుంకాల పట్టికలో బార్లీ 1003, మాల్టు 1107. సుంకం రేటును ఆర్డరు ఇచ్చే రోజున కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తీసుకోండి, పాత బిల్లు చూసి లెక్క కట్టకండి.

పురుగు చావడానికి మందు వాయువుతో పొగబెట్టే విషయం యూరప్ సరుకుకు ప్రత్యేకంగా చూడాలి. యూరోపియన్ యూనియన్‌లో మిథైల్ బ్రోమైడ్ వాడకం 2010లో ఆగిపోయింది. మన క్వారంటైన్ షరతు ఆ మందే అడిగితే అక్కడ వేయలేరు, ఇక్కడ రేవులో వేయాల్సి వస్తుంది. ఆ మందు మోతాదు మించినా, గింజ తేమగా ఉన్నా, రెండుసార్లు పట్టినా మొలక దెబ్బతింటుంది. ఫాస్ఫీన్ వాయువుకు ఆ బెడద లేదు, కానీ వారం పాటు పట్టి ఉంచాలి. ఏ మందు, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది సరుకు కదలక ముందే తేల్చుకుని, మందు పట్టాక మళ్లీ మొలక పరీక్ష చేయండి.

చెన్నై నుంచి బెంగళూరు

20 అడుగుల కంటెయినర్‌లో 33 ఘనపు మీటర్ల చోటు. బార్లీ తేలిక కాబట్టి లైనరు సంచితో (కంటెయినర్ లోపల అమర్చే పెద్ద సంచి) విడిగా పోస్తే 20–21 టన్నులే పడుతుంది. గోధుమ లెక్కన 25 టన్నులని కిరాయి పంచుకుంటే ధర తప్పుతారు. మాల్టు ఇంకా తేలిక.

2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా దక్షిణాన గుడ్‌హోప్ అగ్రం చుట్టి రావడం మొదలుపెట్టాయి, అలా వస్తే రెండు వారాల దాకా అదనం. ఓడ దారి ముందే అడిగి రోజులు కట్టుకోండి. ఎందుకంటే చెన్నైలో దిగే నెల మీ సరుకు ఆయుష్షును నిర్ణయిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య రుతుపవనాలు. రేవులో నీళ్లు, యార్డులో నిలిచిపోయే లారీలు, గాలిలో తేమ. ఆగస్టులో కోసిన పంటను సెప్టెంబరులోనే ఎక్కించేస్తే నేరుగా ఆ వానలోకి వస్తుంది, నిద్ర కూడా పూర్తిగా వదిలి ఉండదు. నవంబరు చివర ఎక్కించి జనవరి–ఫిబ్రవరిలో దించుకోవడం మేలు. రాజస్థాన్ కొత్త పంట మార్చి చివరగా మొదలై ఏప్రిల్‌లో మార్కెట్టును నింపుతుంది కాబట్టి దాని ముందు ఈ సరుకుకు గిరాకీ కూడా ఉంటుంది.

చలికాలంలో ఎక్కించిన గింజ లోపల చల్లగానే ఉంటుంది. చెన్నైలో ఉక్కపోత గాలికి తలుపు తెరిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు గింజకు నీరు పడుతుంది. అందుకే వీలైతే కంటెయినర్‌ను చెన్నైలో విప్పకుండా వైట్‌ఫీల్డ్ కంటెయినర్ డిపోకు రైల్లో తెచ్చి, రెండు రోజులు ఉంచి, మధ్యాహ్నం పొడి గాలిలో విప్పండి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉండటం బార్లీకి వరం. చెన్నై గోదాములో నాలుగు నెలల్లో పోయే మొలక ఇక్కడ ఎనిమిది నెలలు నిలుస్తుందని ఆశించవచ్చు. తలుపు తీయగానే ముందు వాసన చూడండి, తర్వాత లైనరు పైభాగం తడి ఉందేమో చేత్తో తడమండి. ముద్ద కట్టిన గింజ ఉంటే ఫొటో తీసి, విడిగా ఎత్తి, మిగతాదానిలో కలపకుండా తూచండి. బీమా అడిగేది ఆ బరువే.

ఒక కిలోతో మాల్టు చేసి చూడండి

మొత్తం లాటును నానబెట్టే ముందు ఇది తప్పనిసరి. 12% తేమ ఉన్న కిలో గింజలో 880 గ్రాములు పొడి పదార్థం. తేమ 45%కి చేరిందంటే బరువు 1.6 కిలోలు. కాబట్టి కొలమానం త్రాసే. 16–18 డిగ్రీల నీటిలో 8 గంటలు, నీరు వంచి 8 గంటలు గాలికి, మళ్లీ 8 గంటలు నీరు, ఇలా 1.6 కిలోలు వచ్చేదాకా. వేసవిలో ట్యాంకు నీరు 26 డిగ్రీలు దాటుతుంది, అలాగే వాడితే పుల్లటి వాసన వచ్చి బూజు పడుతుంది. మంచు వేసి దించండి. గాలికి ఉంచిన వేళల్లో గింజ కార్బన్ డయాక్సైడ్ విడుస్తుంది, కలియబెట్టకపోతే అడుగు గింజకు ఊపిరి ఆడదు.

తర్వాత నాలుగైదు రోజులు రెండు మూడంగుళాల మందాన పరచి, 16–18 డిగ్రీల్లో, 8 గంటలకోసారి తిరగవేయండి. లేకపోతే వేళ్లు అల్లుకుని చాపలా అవుతుంది, మధ్య వేడెక్కుతుంది. పది గింజలు నిలువుగా కోసి చూడండి, పొట్టు కింద పాకే మొలక గింజ పొడవులో నాలుగింట మూడు వంతుల దాకా వచ్చిందా? పదింట్లో ఎనిమిది అలా ఉంటే ఆపాలి. రెండు గింజల్లో అసలు మొలకే లేకపోతే మీ మొలక పరీక్ష చెప్పని నిజం ఇదే. 50 డిగ్రీల గాలిలో తేమ 10%కి దిగేదాకా ఆరబెట్టి, ఆ తర్వాతే 80–85 డిగ్రీల్లో నాలుగు గంటలు. తడి గింజకు ముందే ఎక్కువ వేడి తగిలితే ఎంజైములు చస్తాయి. వేళ్లు రాల్చి తూస్తే 800–830 గ్రాములు రావాలి. 780 కంటే తగ్గితే మొలక మరీ ముదిరిందని, వేళ్లకు, ఊపిరికి పిండి పోయిందని అర్థం.

గోదాములో

బస్తాలను నేల నుంచి 15 సెం.మీ. ఎత్తున పలకల మీద, గోడకు రెండడుగుల దూరంలో పేర్చండి. ముక్క పురుగు కంటే భయపడాల్సింది ఖాప్రా పురుగుకు, దాని లార్వా గోడ పగుళ్లలో నెలల తరబడి దాక్కుంటుంది. ఫాస్ఫీన్ బిళ్లలు సొంతంగా కొని వేయడం చట్టరీత్యా కుదరదు, ప్రాణానికీ మంచిది కాదు, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లనే పిలవండి. నెలకోసారి నాలుగు డిష్‌ల మొలక పరీక్ష చేసి, ఆ అంకెను తేదీతో సహా లాటు చీటీ మీద రాయండి. అంకె 96 నుంచి 93కి దిగిన లాటును, ఆర్డర్ల వరస పక్కన పెట్టి, ముందు వాడేయండి. 90కి దిగితే గింజ ఇంకా పొడిగా, పురుగు లేకుండా ఉండగానే దాణాకు అమ్మండి, బెంగళూరు చుట్టుపక్కల పాడి వాళ్లు మంచి ధరే ఇస్తారు. పురుగు పట్టాక వాళ్లూ కొనరు.